పేలని తుపాకితో గురి పాఠం

జనగామ, మానుకోట, భూపాలపల్లిల్లో కాలేజీ గ్రౌండ్ల దగ్గర తెల్లారకముందే పరుగులు మొదలవుతాయి. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు గట్టెక్కితే సగం ఉద్యోగం వచ్చినట్టేనని పిల్లల లెక్క. అందుకే వాళ్ల ధ్యాసంతా కాళ్ల మీదే ఉంటుంది. రైఫిల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంటారు. సెలక్టయి గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌కో, సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌కో చేరిన కుర్రాడికి అసలు ఆశ్చర్యం అక్కడ ఎదురవుతుంది. చేతికి రైఫిల్ ఇస్తారు, తూటా మాత్రం ఇవ్వరు.

ముందు నేల మీద బోర్లా పడుకోవడం నేర్పుతారు. రైఫిల్ బట్టు భుజం గుంటలో ఆనాలి. చెంప ప్రతిసారీ ఒకే చోట తగలాలి. ఎడమ మోచెయ్యి రైఫిల్ కిందికి రావాలి. ఉస్తాద్, అంటే శిక్షకుడు, హిందీలో మూడు మాటలు పదే పదే చెబుతాడు: మజ్‌బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, సహీ ట్రిగర్ ఆపరేషన్. పట్టు గట్టిగా ఉండాలి, గురి సరిగ్గా ఉండాలి, ట్రిగర్ నొక్కే తీరు తెలియాలి. ఇదంతా ఖాళీ తుపాకితోనే సాగుతుంది. బ్యారెల్ కొస మీద నాణెం నిలబెట్టి ట్రిగర్ నొక్కమంటారు. నాణెం కింద పడితే వేలు కుదిపిందని అర్థం, మళ్లీ మొదలు. విసుగు పుట్టేదాకా, విసుగు కూడా పోయేదాకా ఇదే పని. చాంద్‌మారీ, అంటే ఫైరింగ్ రేంజి, ఆ తర్వాతి మాట.

తూటా ఖర్చు కాకుండా గురి నేర్పడం మామూలు ఆలోచనలాగే కనిపిస్తుంది కానీ అదొక ఆవిష్కరణ. రైఫిల్ పుట్టాక చాలాకాలానికి గాని అది పుట్టలేదు. దాని కథలో ఇంగ్లండు సముద్రతీరపు ఊరొకటి ఉంది, కలకత్తా పక్కనున్న దండు ఉంది, దక్షిణాఫ్రికా రైతులున్నారు. మన జనగామ పల్లెలూ ఉన్నాయి.

పాత మస్కెట్ తుపాకులకు గురి పాఠం పెద్దగా అవసరం పడలేదు. లోపల నున్నని గొట్టం, అందులో వదులుగా కూర్చునే సీసపు గుండు. అది గొట్టం గోడలకు కొట్టుకుంటూ బయటపడేది, చివరికి ఏ గోడను తాకి వచ్చిందో ఆ పక్కకు పోయేది. వంద గజాలు దాటితే ఇక దైవాధీనం. అందుకే సిపాయిలను భుజం భుజం కలిపి వరసలో నిలబెట్టి ఒక్కసారిగా కాల్పించేవారు. వేగంగా మందు దట్టించడం, వరస చెదరకుండా నిలబడడం, ఈ రెండూ వస్తే శిక్షణ పూర్తయినట్టే.

గొట్టం లోపల మెలి తిరిగే గాడులు కోస్తే గుండు తన చుట్టూ తాను తిరుగుతూ తిన్నగా పోతుందని చాలాముందే తెలుసు. కానీ గాడులు పట్టాలంటే గుండు బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే మూతి నుంచి దాన్ని లోపలికి దించడానికే చాలా సేపు పట్టేది. 1849లో మినియె అనే ఫ్రెంచి సైనికాధికారి ఈ చిక్కు విప్పాడు. అడుగున గుల్లగా ఉండే గుండు చేశాడు. అది వదులుగా లోపలికి జారుతుంది. మందు పేలగానే ఆ గుల్ల అంచు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. దీంతో మామూలు సిపాయి చేతిలోని తుపాకి కూడా వందల గజాల దూరం కొట్టగలిగింది.

కొత్త చిక్కు అక్కడే మొదలైంది. ఆ గుండు మరీ వేగంగా పోయేది కాదు, విల్లులా వంగిన దారిలో ఎగిరి దిగేది. ఎదుటివాడు మూడు వందల గజాల్లో ఉంటే నాలుగు వందలని పొరబడి సైటు పైకి జరిపితే గుండు నెత్తి మీదుగా పోతుంది. తుపాకి మెరుగుపడ్డకొద్దీ పట్టుకున్నవాడి పొరపాట్లు బయటపడ్డాయి. 1853లో ఇంగ్లండులోని హైత్ అనే ఊళ్లో మస్కెట్రీ స్కూలు పెట్టింది ఇందుకే. దాని మొదటి అధిపతి కల్నల్ చార్లెస్ హే. అక్కడి పాఠంలో కాల్పులు చివర వచ్చేవి. ముందు పడుకోవడం, కూర్చోవడం, నిలబడడం నేర్పేవారు. తర్వాత గురి పెట్టడం. తర్వాత దూరం అంచనా. కొలిచి పెట్టిన దూరాల్లో మనుషుల్ని నిలబెట్టి, ఏ దూరంలో మొహం తెలుస్తుందో, ఏ దూరంలో గుండీలు మాయమవుతాయో చూసి మనసులో పెట్టుకోమనేవారు. ఇంతా అయ్యాకే తూటా చేతికి వచ్చేది.

తర్వాతి కాలంలో ఇంకో చక్కని పద్ధతి వచ్చింది. ఇసుక సంచి మీద రైఫిల్‌ను కదలకుండా పెడతారు. ఎదురుగా గోడ మీద తెల్లకాగితం, దాని దగ్గర ఒక మనిషి చిన్న చక్రాన్ని అటూ ఇటూ జరుపుతుంటాడు. తుపాకి వెనకనున్న కుర్రాడు ‘ఆగు’ అనగానే చక్రం నడుమ పెన్సిలుతో చుక్క పెడతారు. ఇలా మూడుసార్లు. రైఫిల్ కదలలేదు కాబట్టి మూడు చుక్కలూ ఒకే చోట పడాలి. కొత్తవాడికి అలా పడవు, ఒక త్రిభుజం ఏర్పడుతుంది. త్రిభుజం ఎంత పెద్దదైతే కంటి తప్పు అంత పెద్దది. ఒక్క గుండు పేలకుండా మనిషి లోపాన్ని కాగితం మీద కొలిచి చూపడం నాకు ఈ కథ మొత్తంలో అందమైన ఘట్టం. లోపం ఎక్కడుందో తెలియకుండా వంద తూటాలు కాల్చినా ఉపయోగం లేదని అది కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

హైత్ పద్ధతి మన దేశానికి వచ్చిన తీరు మాత్రం విషాదం. 1857 మొదట్లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ నేర్పడానికి డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్‌లలో శిక్షణ కేంద్రాలు తెరిచారు. ఒక్కో పటాలం నుంచి కొందరు సిపాయిలు వచ్చి నేర్చుకుని, తిరిగి వెళ్లి తమవాళ్లకు నేర్పాలని ఏర్పాటు. ఆ రైఫిల్ తూటా కాగితపు పొట్లంలో ఉండేది, పొట్లానికి కొవ్వు పూసేవారు, దాన్ని పంటితో చించాలి. డమ్‌డమ్‌లో ఒక ఖలాసీ బ్రాహ్మణ సిపాయిని లోటాతో నీళ్లడిగాడట, సిపాయి ఇవ్వనన్నాడు. ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిన తూటాలు కొరికాక మీ కులం ఎక్కడుంటుందని ఖలాసీ దెప్పాడట. జనవరి 22న అక్కడి కెప్టెన్ రైట్ ఈ అలజడిని పైవాళ్లకు రాసి పంపాడు. పంటితో కాకుండా చేత్తో చించుకోవచ్చని ఆ తర్వాత డ్రిల్లు మార్చారు. అప్పటికే మాట పటాలం నుంచి పటాలానికి పాకిపోయింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకి ఎత్తాడు. తుపాకి పట్టే కోణం దగ్గర నుంచి దూరపు లెక్క దాకా అన్నీ పట్టించుకున్న ఆ శిక్షణ, నేర్చుకునేవాడి మనసును పట్టించుకోలేదు. గురి పాఠంలో మొదటిగా తెలుసుకోవాల్సింది ఎదుట కూర్చున్న శిష్యుడెవరన్నది. డమ్‌డమ్‌లో దాన్నే మరిచారు.

బోయర్ యుద్ధం 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో సాగింది. రాళ్ల చాటున పడుకుని మౌజర్ రైఫిళ్లతో కాల్చే రైతుల ముందు బ్రిటిష్ సేనలు దెబ్బ మీద దెబ్బ తిన్నాయి. ఆ రైతులు ఏ స్కూలుకూ పోలేదు. చిన్నప్పటి నుంచి వేటాడినవాళ్లు, బహిరంగ మైదానంలో దూరం చూడడం అలవాటైనవాళ్లు. ఆ దెబ్బతో హైత్ స్కూలు మళ్లీ పుస్తకం తిరగరాసుకుంది. అక్కడ ముఖ్య శిక్షకుడిగా ఉన్న నార్మన్ మెక్‌మహన్ పటాలాలకు ఇంకా మెషిన్‌గన్‌లు కావాలని వాదించాడు. అవి దొరకకపోతే సిపాయి చేతినే వేగం చేయాలనుకున్నాడు. మూడు వందల గజాల దూరంలోని గురి మీద నిమిషానికి పదిహేను తూటాలు కాల్చడం పరీక్షలో భాగమైంది. పది తూటాల మ్యాగజైనున్న .303 లీ ఎన్‌ఫీల్డ్‌తో, మధ్యలో మళ్లీ నింపుకుంటూ ఆ పని చేయాలి. మెక్‌మహన్ 1914 నవంబరులోనే యుద్ధంలో చనిపోయాడు.

తూటాల ఖర్చు తగ్గించే వెతుకులాట ఇంకోవైపు నడుస్తూనే ఉంది. పెద్ద రైఫిల్ గొట్టంలోకి సన్నటి గొట్టం దూర్చి చిన్న తూటాలు కాల్చే ‘మోరిస్ ట్యూబు’ వచ్చింది. ఆ ఆలోచనే తర్వాత .22 రైఫిల్‌గా స్థిరపడింది. 1948లో మొదలైన ఎన్‌సీసీలో మన పిల్లలు ఇప్పటికీ మొదట పట్టుకునేది ఆ .22నే. వరంగల్ గ్రూపు క్యాంపుల్లో బోర్లా పడుకుని ఐదు తూటాలు కాల్చి, కాగితం మీది చిల్లుల్ని బెత్తెడు మేరలో చూసుకుని మురిసిపోయే ఆడపిల్లలు, మగపిల్లలు ఎందరో. చిల్లులు నడిమధ్యలో పడాల్సిన పని లేదు, దగ్గర దగ్గరగా పడితే చాలు. దీన్నే గ్రూపింగ్ అంటారు. ఐదూ ఒక మూలన గుంపుగా పడితే కాల్చినవాడిలో తప్పు లేదు, సైటు సరిచేస్తే గుంపు మధ్యకు వస్తుంది. చెల్లాచెదురుగా పడితే సైటు ఎంత తిప్పినా లాభం లేదు, మళ్లీ పట్టు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఇప్పుడు జనగామకు వద్దాం. ఈ కథలో ఎవరూ రాయని అధ్యాయం ఇక్కడుంది.

1946 జులై 4న కడవెండిలో విస్నూరు దేశ్‌ముఖ్ గూండాల తుపాకి గుండుకు దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. దొరకు ఎదురుతిరిగి ఊరేగింపుగా వెళ్లినవాళ్ల చేతుల్లో కర్రలు, వడిసెలలు ఉన్నాయి. అవతల తుపాకులున్నాయి. నిజాం మీద సాయుధ పోరాటానికి రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌ల పిలుపు వచ్చేసరికి 1947 సెప్టెంబరు 11. అప్పటికి ఈ పల్లెల్లో గురి అంటే వడిసెల గురే. జొన్న చేను మంచె మీద నిలబడి పిట్టల్ని తోలే పిల్లలకు, ఆడవాళ్లకు అది పుట్టుకతో అబ్బిన విద్య. రెండు తాళ్లు, నడుమ రాయి పట్టే గూడు. ఒక తాడు కొస వేలికి తగిలించి, రెండోది పట్టుకుని గిరగిరా తిప్పి సరైన క్షణాన వదలాలి. ఆ క్షణం ఒక్క రవ్వ అటూ ఇటూ అయితే రాయి ఎటో పోతుంది. హైత్‌లో కొలిచి నేర్పిన దూరపు అంచనా ఇక్కడ చేలల్లో రోజూ జరిగే పని. ఫలానా గట్టు దాకా నా రాయి పోతుంది, ఆ తుమ్మచెట్టు దాకా పోదు. మంచె మీది పిల్లకు ఆ కొలత నోటికే వచ్చు.

వడిసెల తర్వాత వచ్చింది భర్మార్. మూతి నుంచి మందు పోసి, గుడ్డ కుక్కి, పొడుగాటి చువ్వతో దట్టించి, రవ్వలు వేసి, మళ్లీ కుక్కి, అప్పుడు కాల్చే నాటు తుపాకి. ఒక్కసారి పేలాక రెండోసారికి బోలెడు సమయం కావాలి. ఇందులో గాడులుండవు కాబట్టి దూరం కొట్టదు. అంటే భర్మార్ పట్టినవాడు ముందు ఓపిక నేర్చుకోవాలి, ఎదుటివాడు బాగా దగ్గరికి వచ్చేదాకా వేలు ఆపుకోవాలి. నిజాం పోలీసుల చేతుల్లోని .303లు దూరం నుంచే కొడుతుంటే అలా ఆగడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. దేశ్‌ముఖుల గడీల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్న రైఫిళ్లు దళాల చేతికి వచ్చాక సమస్య ఇంకో రూపం తీసుకుంది. రైఫిల్ దొరికినా దానికి తూటాలు కూడా శత్రువు దగ్గర నుంచే రావాలి. చాంద్‌మారీ పెట్టుకుంటే ఉన్న తూటాలు అయిపోతాయి, చప్పుడుకు క్యాంపులు కదిలి వస్తాయి. ఉత్త తుపాకితో చేసే సాధన ఒక్కటే దారి. ఇంగ్లండు సైన్యం పొదుపు కోసం కనిపెట్టిన పద్ధతి జనగామ, మానుకోట తాలూకాల్లో ప్రాణావసరం.

బ్రిటిష్ ఇండియా సైన్యంలో మేజర్‌గా పనిచేసి, అజ్ఞాతంలోకి వెళ్లిన జైపాల్ సింగ్ ఈ గెరిల్లాలకు సైనిక శిక్షణ ఇచ్చాడు. పటాలంలో నేర్చుకున్న పట్టు, శిస్తు పాఠాలు అలా గొల్ల, లంబాడా, మాదిగ, చాకలి ఇళ్ల యువకుల దగ్గరికి చేరాయి. సునీల్ జనా తీసిన ఫొటోల్లో తుపాకులు పట్టుకున్న తెలంగాణ ఆడవాళ్లను చూడండి. మొహాల మీద కెమెరా ముందరి బెరుకు కంటే తుపాకి మీది శ్రద్ధే ఎక్కువ కనిపిస్తుంది.

బైరాన్‌పల్లి ఇవాళ సిద్దిపేట జిల్లాలో ఉంది, 2016 దాకా వరంగల్ జిల్లాది. నిజాం పక్షాన దాడులు చేసే రజాకార్లను ఆ ఊరు పలుమార్లు తిప్పికొట్టింది. ఊరి నడుమ ఎత్తైన బురుజు, దాని మీద కాపలా, ప్రమాదం కనబడితే నగారా. బురుజు ఎత్తు వల్ల భర్మార్‌కు లేని దూరం కొంత కలిసొచ్చింది. కిందివాడు చాటు కోసం వెతుక్కోవాలి, పైవాడికి చాటు ముందే ఉంది. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున మాత్రం ఎప్పటిలా కొందరు రాలేదు. రజాకార్లతో పాటు నిజాం బలగాలు ఫిరంగులతో వచ్చాయి. బురుజు మీదివాళ్లు ఉన్న మందుగుండు ఉన్నంతసేపు నిలిచారు. ఆ రోజు ఊళ్లో సుమారు వంద మందిని చంపారు. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, భారత సైన్యం జరిపిన పోలీసు చర్యతో నిజాం లొంగిపోయాడు. బైరాన్‌పల్లివాళ్లకు గురి రాక ఓడిపోయారని ఎవరూ అనలేరు. గురి ఎంతున్నా దాని వెనక మందుగుండు సామాను ఉండాలి. సైన్యాలు శిక్షణకు కేటాయించే తూటాల లెక్క చదివినప్పుడల్లా నాకు ఆ బురుజే గుర్తొస్తుంది.

పోలీసు చర్య తర్వాత దళాలు గోదావరి అడవుల వైపు, ఇప్పటి మహబూబాబాద్ (మానుకోట), ములుగు, భూపాలపల్లి జిల్లాల కోయ గూడేల వైపు కదిలాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. అడవిలో గురి పాఠం మళ్లీ మారుతుంది. మూడు వందల గజాల మైదానం ఉండదు, చెట్ల సందుల్లో మనిషి ఒక్క క్షణం కనబడి మాయమవుతాడు. దశాబ్దాల తర్వాత ఇవే అడవుల్లో నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్‌ను కట్టినప్పుడు, అడవిని చదవడమూ తుపాకి కాల్చడమూ వేరు వేరు పాఠాలు కావన్నదే దాని పునాది. 1993లో వ్యాస్‌ను హైదరాబాద్‌లో కాల్చి చంపారు. రెండు వైపులా గురి నేర్చుకున్న పిల్లలు చాలావరకు ఇవే జిల్లాల ఊళ్లవాళ్లు. ఆ లెక్క రాయాలంటే చెయ్యి బరువెక్కుతుంది.

మళ్లీ పెద్ద సైన్యాల దగ్గరికి వెళ్దాం, అక్కడ జరిగిన ఒక మార్పు చెప్పి తీరాలి. రెండో ప్రపంచ యుద్ధం దాకా అమెరికా సైన్యంలో గురి నేర్చుకునే బోర్డు మీద ఎక్కువగా నల్లటి గుండ్రని చుక్క ఉండేది. 1947లో అమెరికన్ ఎస్.ఎల్.ఎ. మార్షల్ ఒక పుస్తకం రాశాడు. పోరులో ఉన్న సిపాయిల్లో నూటికి పదిహేను నుంచి ఇరవై ఐదుగురు మాత్రమే తుపాకి పేలుస్తారని అందులో వాదించాడు. ఆ అంకెలకు తగిన ఆధారాలు లేవని తర్వాతి చరిత్రకారులు తేల్చారు, అయినా శిక్షణ మీద దాని ప్రభావం పడింది. 1950ల్లో అమెరికా సైన్యం గుండ్రటి చుక్క స్థానంలో మనిషి ఆకారపు బోర్డులు పెట్టింది. అవి ఎప్పుడు ఎక్కడ లేస్తాయో తెలియదు. తగిలితే పడిపోతాయి. మన రేంజిల్లో కూడా మనిషి ఆకారపు టార్గెట్లే వాడతారు. ఇది యుద్ధానికి అవసరమైన మార్పని ఒప్పుకుంటాను. కానీ చుక్కను చూసే కన్ను, మనిషి ఆకారాన్ని చూసే కన్ను ఒకటి కావు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఆ రెండింటి మధ్య దూరం దాటించే శిక్షణ చిన్న విషయం కాదు. దాని గురించి రేంజి బయట కూడా మాట్లాడుకోవాలి.

తూటా పొదుపు కథలో ఆఖరి మెట్టు మన హైదరాబాద్‌లోనే ఉంది. 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్, అశోక్ అట్లూరి నడిపే కంపెనీ, తుపాకి శిక్షణకు సిమ్యులేటర్లు తయారుచేస్తూ సైన్యానికి, పోలీసులకు అందిస్తోంది. ఇలాంటి యంత్రంలో నిజమైన రైఫిల్ బరువూ ఆకారమూ ఉన్న తుపాకిలో లేజర్ పెడతారు. ఎదురుగా తెర మీద పొలమో వీధో అడవో కనబడుతుంది. గురి చివరి క్షణంలో ఎటు జారిందో, వేలు ఎంత వంకరగా నొక్కిందో తెర మీద గీతగా వస్తుంది. ఇసుక సంచి, కాగితం, మూడు చుక్కల పద్ధతికి ఇది నేరు వారసత్వం. అప్పుడు పెన్సిలు పెట్టిన చుక్కను ఇప్పుడు కంప్యూటరు పెడుతోంది.

ఒక్కటి మాత్రం యంత్రం ఇంకా పూర్తిగా నేర్పలేదు. పేలుడుకు మనిషి ఉలిక్కిపడతాడు. చెవి పక్కన చప్పుడు, భుజం మీద తన్ను వస్తాయని ముందే తెలిసి కళ్లు మూసుకుంటాడు, ట్రిగర్‌ను ఝాడించి నొక్కుతాడు. తను అలా చేస్తున్నట్టు అతనికే తెలియదు. దాన్ని పట్టుకోవడానికి ఉస్తాదులు వాడే ఉపాయం పాతదే. అసలు తూటాల నడుమ, కాల్చేవాడికి తెలియకుండా ఉత్తుత్తి తూటా పెడతారు. ట్రిగర్ నొక్కగానే పేలుడు రాదు, కానీ రైఫిల్ మూతి గబుక్కున కిందికి వంగుతుంది. కుర్రాడు తన తప్పును తనే చూసుకుంటాడు. ఎంత చెప్పినా ఎక్కని పాఠం ఆ ఒక్క నిశ్శబ్దంతో ఎక్కుతుంది. అందుకే సిమ్యులేటరులో ఎన్ని మార్కులొచ్చినా చివరికి చాంద్‌మారీకి పోవాల్సిందే. ఫైరింగ్ అయ్యాక పేలిన ఖోకాలన్నీ, అంటే ఖాళీ తూటా తొడుగులన్నీ, ఏరి లెక్క అప్పజెప్పాలి, ఒక్కటి తగ్గినా గడ్డిలో వెతుకుతూ మైదానమంతా తిరగాల్సిందే.

2022లో మొదలైన ఉక్రెయిన్ యుద్ధం ఈ పాఠానికి కొత్త పేజీ తెచ్చింది. చిన్న చిన్న డ్రోన్లు నెత్తి మీదికి వస్తుంటే సిపాయిలు వాటి మీద రైఫిళ్లు, షాట్‌గన్‌లు పేలుస్తున్నారు. ఇక్కడ నేల మీద కదలని బోర్డుతో చేసిన సాధన చాలదు. కదిలే వస్తువు ఉన్న చోటికి కాదు, అది చేరబోయే చోటికి కాల్చాలి. ఎంత ముందుకు అన్నది దాని వేగం, దూరం, గాలిని బట్టి మారుతుంది. ఎగిరే చిలకల గుంపుకు ముందుగా రాయి వదిలే మంచె మీది పిల్లలకు ఇది తెలిసిన లెక్కే. హైదరాబాద్ కంపెనీలు ఇప్పుడు డ్రోన్లను ఎదుర్కొనే పరికరాల మీద కూడా పనిచేస్తున్నాయి. జనగామ గ్రౌండులో ఇవాళ పరుగు తీస్తున్న కుర్రాడికి రేపు గోల్కొండలో ఉస్తాద్ నేర్పే గురిలో ఆకాశం వైపు తిరిగిన పాఠం కూడా ఉండొచ్చు.